పీఎస్4 కి పాత కంప్యూటర్ మానిటర్: అన్నీ గుచ్చుకున్నాయి, బొమ్మ మాత్రం రావట్లేదు

లంకకుర్రోడు · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. మాది పి.గన్నవరం అవతల లంక. మా మావయ్య కువైట్ నుంచి పండక్కి వస్తూ పీఎస్4 స్లిమ్ (టీవీకి పెట్టి ఆడే వీడియో గేమ్ డబ్బా, కన్సోల్ అంటారు) ఒకటి, రెండు కంట్రోలర్లు తెచ్చేడు. పాతదే, కానీ గీత కూడా లేదు. టీవీకి తగిలిద్దామంటే అది హాల్లో ఉంది. సాయంత్రం ఆరు నుంచి పది దాకా అది మా మామ్మది, అందులో మాట లేదు. భోగికి ఇంకా తొమ్మిది రోజులే ఉంది. పిన్ని పిల్లలు, అత్త పిల్లలు కలిపి ఆరుగురు దిగుతారు. మేడ మీద గదిలో పెట్టేస్తే పెద్దాళ్ల గోల ఉండదని నా ప్లాను.

రావులపాలెంలో మూసేసిన నెట్ సెంటర్ వాళ్ల దగ్గర ఎనిమిది వందలకి 19 అంగుళాల మానిటరు కొన్నాను. వెనకాల నీలం సాకెట్టు ఒకటి, తెల్ల సాకెట్టు ఒకటి ఉన్నాయి. హెచ్‌డీఎంఐ లేదు. అమలాపురంలో కన్వర్టర్ అడిగితే షాపాయన మూడొందల యాభై తీసుకుని ఒకటిచ్చేడు. చక్కగా గుచ్చుకుంది. హెచ్‌డీఎంఐ వైరు కూడా చక్కగా దిగింది. తెర మీద మాత్రం "నో సిగ్నల్" అని ఒక డబ్బా అటూ ఇటూ తిరుగుతోంది. మూడు గంటల నుంచి ఆ డబ్బానే చూస్తున్నాను. ఎవరన్నా పుణ్యం కట్టుకోండి.

గచ్చిబౌలి_గోదారోడు · సోమవారం రాత్రి 9:58

ముందు పీఎస్4 బాగుందో లేదో తేలాలి తమ్ముడూ. ఆన్ చేస్తే ముందు పవర్ బటన్ దగ్గర చిన్న లైటు వెలుగుతుంది కదా, అది ఏ రంగులో ఆగుతోంది? నీలం కాసేపు కొట్టుకుని తెలుపులో స్థిరపడితే ఫర్వాలేదు. నీలంలోనే కొట్టుకుంటూ ఉంటే వేరే కథ. తెలుపు వచ్చినా హెచ్‌డీఎంఐ పోర్టు పోయి ఉండొచ్చు కాబట్టి ఒక్కసారి టీవీకి తగిలించి చూడు. అది చూడకుండా కన్వర్టర్లు కొంటూ కూర్చుంటే డబ్బులు గోదాట్లో పోసినట్టే.

లంకకుర్రోడు · సోమవారం రాత్రి 10:31

మామ్మ పడుకున్నాక చూసేను అన్నా. టీవీలో బ్రహ్మాండంగా వచ్చింది. తెల్ల లైటే. ఇంకో సంగతి, దీని ప్లగ్గు చదరం పిన్నులు మూడు ఉన్నది, మన సాకెట్లో దిగదు. మావయ్య తెచ్చిన ఎడాప్టర్‌లో పెట్టి వాడుతున్నా, అది వదులుగా ఉండి ఊగుతోంది. దానివల్లేమైనా తేడానా?

కాకినాడ_కాజా · సోమవారం రాత్రి 10:40

ఆ ఎడాప్టరు తీసి పారెయ్. పీఎస్4 స్లిమ్ వెనకాల ఉండేది మన టేప్‌రికార్డర్ వైరు సాకెట్టే, ఎనిమిది అంకె ఆకారంలో ఉంటుంది చూడు. ఏ ఎలక్ట్రికల్ షాపులో అయినా "టేప్‌రికార్డర్ వైరు" అంటే ఇస్తారు. కాస్త లావు వైరు, మంచి కంపెనీది తీసుకో. లోపలి పవర్ సప్లై మన 230 వోల్టులకి పనికొచ్చేదే, ట్రాన్స్‌ఫార్మర్ గట్రా ఏం అక్కర్లేదు.

నెట్‌సెంటర్ బాబాయ్ · మంగళవారం ఉదయం 6:15

లంక బాబూ, ఒక్క ప్రశ్న. నువ్వు కొన్న కన్వర్టర్‌కి నీలం సాకెట్టు వైపు పిన్నులున్నాయా, చిల్లులున్నాయా?

లంకకుర్రోడు · మంగళవారం ఉదయం 7:02

పిన్నులండి. అందుకే మానిటర్ వెనక చిల్లుల్లో తిన్నగా దిగింది. రెండో పక్క హెచ్‌డీఎంఐ దూరే బొర్ర ఉంది. ఒక యూఎస్‌బీ తోక, ఇంకో పక్క సౌండ్ పిన్ను దూరే చిల్లు కూడా ఉన్నాయి.

నెట్‌సెంటర్ బాబాయ్ · మంగళవారం ఉదయం 7:20

అనుకున్నాను. ఆ నీలం సాకెట్టు పేరు వీజీఏ. కన్వర్టర్ వీపు మీద చిన్నక్షరాలతో రాసుంటుంది, లైటు వేసుకుని చదువు. "వీజీఏ టు హెచ్‌డీఎంఐ" అని ఉంటుంది. నీకు కావలసింది "హెచ్‌డీఎంఐ టు వీజీఏ". పేర్లు తిరగేసినట్టు కనిపిస్తాయి గానీ వస్తువులు రెండూ వేరు. నీ చేతిలో ఉన్నది పాత కంప్యూటర్ బొమ్మని కొత్త టీవీకి పంపేది. కంప్యూటర్ వెనకాల చిల్లులుంటాయి, అందుకని దీనికి పిన్నులు పెట్టేరు. మానిటర్‌కీ చిల్లులే ఉంటాయి కాబట్టి అక్కడా దిగుతుంది. దిగినంత మాత్రాన పనిచెయ్యదు.

నా నెట్ సెంటర్ రోజుల్లో ఇదే పొరపాటు నేనూ చేశాను, కాబట్టి సిగ్గుపడకు.

బుల్లోడు_బోడసకుర్రు · మంగళవారం ఉదయం 8:11

అదేంటి బాబాయ్, వైరు వైరే కదా. ఇటు నుంచి అటెళ్లేది అటు నుంచి ఇటు రాదా?

నెట్‌సెంటర్ బాబాయ్ · మంగళవారం ఉదయం 8:40

ధవళేశ్వరం దగ్గర కాలవలోకి వదిలిన నీళ్లు మన పొలానికొస్తాయి. పొలం నుంచి ధవళేశ్వరం వెళ్తాయేంట్రా?

వీజీఏలో పోయేది ఎక్కుతూ దిగుతూ ఉండే వోల్టేజీ. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి ఒక్కో తీగ. హెచ్‌డీఎంఐలో పోయేవి ఒకట్లు, సున్నాలు. దాన్ని దీన్లోకి మార్చడానికి ఒక చిప్పు, దీన్ని దాన్లోకి మార్చడానికి వేరే చిప్పు కావాలి. రెండు పనులూ చేసే చిప్పు ఆ మూడొందల యాభై డబ్బాలో ఉండదు.

ఇక లంక బాబూ, కొత్త కన్వర్టర్ కొనకు. నీకు అంతకన్నా మంచి దారి ఉంది. ఆ తెల్ల సాకెట్టు డీవీఐ. దానికీ హెచ్‌డీఎంఐకీ బొమ్మ పంపే పద్ధతి ఒకటే, ఆకారమే వేరు. కాబట్టి మధ్యలో చిప్పు, కరెంటు ఏమీ అక్కర్లేదు. ఒక పక్క హెచ్‌డీఎంఐ, ఇంకో పక్క డీవీఐ ఉన్న మామూలు వైరు చాలు. కొనేటప్పుడు ఒక్కటే చూసుకో. డీవీఐ తలలో బల్లపరుపుగా ఉండే వెడల్పు రేకు చుట్టూ నాలుగు చిన్న పిన్నులుంటే అది 24+5, నీ మానిటర్ సాకెట్టు డీవీఐ-డి (ఒట్టి డిజిటల్ రకం) అయితే అందులో దిగదు. రేకు ఒక్కటే ఉన్నది అడుగు, 24+1 గానీ 18+1 గానీ. దిగట్లేదని నొక్కితే పిన్నులు వంగుతాయి.

గచ్చిబౌలి_గోదారోడు · మంగళవారం ఉదయం 9:30

బాబాయ్ చెప్పిందే రైటు. డీవీఐ లేక ఒట్టి వీజీఏ మాత్రమే ఉన్న మానిటర్ వాళ్లకి ఓ మాట. హెచ్‌డీఎంఐ టు వీజీఏ కన్వర్టర్ కొంటే పక్కన కరెంటుకి మైక్రో యూఎస్‌బీ చిల్లు, సౌండ్‌కి 3.5 ఎంఎం చిల్లు ఉన్నదే కొనండి. ఆ చిప్పు హెచ్‌డీఎంఐ పోర్టు ఇచ్చే 5 వోల్టుల మీద బతకాలి, అక్కడ దొరికేది చాలా కొంచెం కరెంటు. కొన్ని కన్వర్టర్లకి అది చాలక పది నిమిషాలకోసారి బొమ్మ పోతుంది, మనమేమో కన్సోల్ పాడైందనుకుంటాం. పీఎస్4 ముందున్న యూఎస్‌బీ నుంచి ఓ వైరు లాగి ఇస్తే సరిపోతుంది.

తణుకమ్మాయి · మంగళవారం ఉదయం 11:05

ఇక్కడే అడిగేస్తాను, కొత్త థ్రెడ్ తెరిస్తే మోడరేటర్ గారు కోప్పడతారు. నా లాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ ఉంది. పీఎస్4 దానికి పెడితే తెర మీద ఏమీ రావట్లేదు. హాస్టల్లో మానిటర్ లేదు.

కాకినాడ_కాజా · మంగళవారం ఉదయం 11:20

రాదండి. లాప్‌టాప్ హెచ్‌డీఎంఐ బయటికి పంపడానికే, లోపలికి తీసుకోవడానికి కాదు. రెండు పక్కలా పంపేవాళ్లే ఉంటే తీసుకునేదెవరు? మీకు దారులు రెండు. ఒకటి, యూఎస్‌బీ క్యాప్చర్ కార్డు, బయటి బొమ్మని లాప్‌టాప్ లోపలికి తీసుకునేది. చవకవి బొమ్మని కాస్త ఆలస్యంగా చూపిస్తాయి, నెమ్మది ఆటలకైతే ఓకే. రెండోది రిమోట్ ప్లే, ఆటని నెట్‌వర్క్ మీద కంప్యూటర్ తెరకి పంపే యాప్, సోనీ వాళ్లదే, డబ్బులక్కర్లేదు, 2016 నుంచి కంప్యూటర్‌లో పనిచేస్తోంది. మామూలు పీఎస్4 అయితే బొమ్మ 720పీ (నిలువునా 720 చుక్కలు) వరకే వస్తుంది. పీఎస్4 ని రౌటర్‌కి లాన్ వైరుతో కలపండి, వైఫై మీద వదిలేస్తే క్రికెట్ ఆటలో బంతి వికెట్లకి తగిలాక బ్యాటు ఊగుతుంది. హాస్టల్ అంటున్నారు కాబట్టి... మీ ఓపిక.

తణుకమ్మాయి · మంగళవారం ఉదయం 11:24

అర్థమైంది. మానిటరే కొంటాను.

లంకకుర్రోడు · గురువారం సాయంత్రం 5:10

డీవీఐ వైరు కాకినాడ నుంచి తెప్పించాను, 18+1. షాపాయన కన్వర్టర్ వెనక్కి తీసుకోనన్నాడు, అది వేరే బాధ. వైరు దిగింది. మానిటర్ మెనూలో డీవీఐ ఎంచుకున్నాను. ఇప్పుడు "నో సిగ్నల్" రావట్లేదు. అలాగని బొమ్మా రావట్లేదు. మానిటర్ లైటు ఆకుపచ్చగా ఉంది, తెర నల్లగా ఉంది. ముందుకెళ్లానో వెనక్కెళ్లానో తెలీట్లేదు.

కాకినాడ_కాజా · గురువారం సాయంత్రం 5:26

ముందుకే. మానిటర్‌కి సిగ్నల్ అందుతోంది కాబట్టే ఆకుపచ్చ. వెనకాల స్టిక్కర్ మీద ఏ సంవత్సరం ఉంది?

లంకకుర్రోడు · గురువారం సాయంత్రం 5:31

2006. 1440 ఇంటూ 900 అని కూడా ఉంది.

కాకినాడ_కాజా · గురువారం సాయంత్రం 5:50

అయితే హెచ్‌డీసీపీ మీద అనుమానం. అదొక తాళం. సినిమాలు కాపీ కొట్టకుండా పెట్టింది. పీఎస్4 బొమ్మని తాళం వేసి పంపుతుంది, మానిటర్ దగ్గర తాళంచెవి ఉండాలి. ఆ రోజుల డీవీఐ మానిటర్లు చాలావాటికి ఆ తాళంచెవి లేదు. మంచి సంగతేంటంటే పీఎస్4 లో ఈ తాళం తీసెయ్యొచ్చు. పీఎస్3 లో ఆ వీలు లేదు, అది ఉన్నవాళ్లు ఈ మానిటర్లతో కుస్తీ పట్టడం అనవసరం.

తియ్యాలంటే బొమ్మ కనబడాలి కాబట్టి ఇంకోసారి టీవీకి తగిలించు. సెట్టింగ్స్, అందులో సిస్టమ్, అందులో "ఎనేబుల్ హెచ్‌డీసీపీ". టిక్కు తీసెయ్. తాళం తీశాక సినిమాల యాప్‌లు ఆడవు, ఆటలకి అడ్డు లేదు. అక్కడే ఉన్నప్పుడు సౌండ్ అండ్ స్క్రీన్‌లోకి వెళ్లి రిజల్యూషన్ 1080పీ అని గట్టిగా పెట్టి ఉంటే ఆటోమేటిక్‌కి మార్చు.

లంకకుర్రోడు · గురువారం రాత్రి 8:47

వచ్చిందండోయ్!!!

ఎలా జరిగిందో చెప్పాలి. ఏడున్నరకి మామ్మ సీరియల్ మధ్యలో ప్రకటనలొచ్చాయి. "మామ్మా ఒక్క నిమిషం" అని సెట్‌టాప్ బాక్స్ వైరు పీకి పీఎస్4 పెట్టాను. అది లేవడానికే సగం నిమిషం తింది. మామ్మ కళ్లజోడు సవరించుకుని నా వీపు వంకే చూస్తోంది. సెట్టింగ్స్, సిస్టమ్, టిక్కు తీశాను. "అయిందా?" "అయింది." మళ్లీ వైరు పెట్టేసరికి సీరియల్లో ఎవరికో చెంపదెబ్బ పడిపోయిందంట. ఎవరు ఎవర్ని కొట్టారో ఇప్పటికీ తెలీదు. రేపు పక్కింటావిణ్ణి అడుగుతానంది.

మేడ మీద పెట్టగానే నీలం తెర, పీఎస్ గుర్తు. మొదట 480పీ లో మసకగా వచ్చింది. సెట్టింగ్స్‌లోకెళ్లి 720పీ పెట్టాను, అప్పుడు శుభ్రంగా ఉంది. కానీ బౌలర్లందరూ పదోవంతు పొడుగు పెరిగారు. పైగా సౌండ్ అస్సల్లేదు.

గచ్చిబౌలి_గోదారోడు · గురువారం రాత్రి 9:05

శభాష్! పొడుగు ఎందుకంటే నీ తెర వెడల్పు-ఎత్తు 16:10, ఆటది 16:9. మానిటర్ మెనూలో "యాస్పెక్ట్" అని ఉంటే అది పెట్టు, పైనా కిందా నల్ల పట్టీలొచ్చి మనుషులు మనుషుల్లా ఉంటారు. లేకపోతే రెండ్రోజుల్లో కళ్లు అలవాటు పడతాయి.

ఎప్పుడన్నా పొరపాటున రిజల్యూషన్ ఎక్కువ పెట్టేసి తెర నల్లబడితే మళ్లీ మామ్మ టీవీ దగ్గరికెళ్లక్కర్లేదు. పీఎస్4 పూర్తిగా ఆఫ్ చేసి, పవర్ బటన్ నొక్కి అలాగే పట్టుకో. ఒక బీప్ వస్తుంది, వదలకు. ఏడు సెకన్లకి రెండో బీప్ వస్తుంది, అప్పుడు వదులు. సేఫ్ మోడ్ వస్తుంది. కంట్రోలర్‌ని వైరుతో కలిపి, రెండో వరసలో "చేంజ్ రిజల్యూషన్" ఎంచుకో.

సౌండ్ రాదు. డీవీఐ బొమ్మకే. వెతకడం మానెయ్.

కాకినాడ_కాజా · గురువారం రాత్రి 9:14

సౌండ్‌కి చవకైన చిట్కా ఉంది. కంట్రోలర్ కింద 3.5 ఎంఎం చిల్లుంటుంది కదా, అందులో ఆక్స్ వైరు పెట్టి రెండో కొస మీ హోమ్ థియేటర్‌కి ఇవ్వు. సెట్టింగ్స్, డివైసెస్, ఆడియో డివైసెస్, "అవుట్‌పుట్ టు హెడ్‌ఫోన్స్" దగ్గర "ఆల్ ఆడియో" పెట్టు. కన్సోల్ నుంచి కంట్రోలర్‌కి సౌండ్ గాల్లో వస్తుంది, అక్కణ్ణుంచి వైరులో స్పీకర్లకి. ఆ కంట్రోలర్ పట్టుకున్నవాడు గేదెని కట్టేసినట్టు స్పీకర్ పక్కనే కూర్చోవాలి. చార్జింగ్ వైరు కూడా తగిలించుకోండి, సౌండ్ పంపుతుంటే బ్యాటరీ త్వరగా అయిపోతుంది. మొదటి మోడల్ పీఎస్4 కీ, ప్రో కీ వెనకాల సౌండ్ కోసం ఆప్టికల్ చిల్లుంది. స్లిమ్‌కి తీసేశారు, నీ ఖర్మ.

లంకకుర్రోడు · శుక్రవారం రాత్రి 7:30

సౌండ్ అదిరిపోయిందండి. కొబ్బరి దింపులోళ్లు కూడా పైకొచ్చి చూసెళ్లారు.

ఒక అనుమానం. పీఎస్4 వెనకాల హెచ్‌డీఎంఐ తల పట్టుకుంటే జిల్లుమంటోంది. షాక్ లాగ కాదు, చీమలు పాకినట్టు. చెప్పుల్లేకుండా తడి గచ్చు మీద నిలబడితే ఎక్కువగా ఉంది. వైరు మానిటర్‌కి గుచ్చేటప్పుడు చిన్న చిటపట కూడా వచ్చింది. కన్వర్టర్ డబ్బులు దండగయ్యాయి, ఇప్పుడు ఇది పాడవుద్దా?

బుల్లోడు_బోడసకుర్రు · శుక్రవారం రాత్రి 7:41

ఎర్త్ లేదు, అంతే. ప్లగ్గు విప్పి ఎర్త్ పిన్నుని న్యూట్రల్‌కి చిన్న తీగతో కలిపెయ్. మా ఇంట్లో ఫ్రిజ్‌కి అలాగే చేశాం, జిల్లు పోయింది.

నెట్‌సెంటర్ బాబాయ్ · శుక్రవారం రాత్రి 7:55

లంక బాబూ, బుల్లోడు చెప్పినట్టు చెయ్యకు. అసలు చెయ్యకు. బుల్లోడూ, రేపు పొద్దున్నే మీ ఫ్రిజ్‌కి పెట్టిన ఆ తీగ తీసేయించు, నవ్వులాట కాదు. బయట స్తంభం దగ్గర న్యూట్రల్ తెగినా, ఎవడో ఫేజూ న్యూట్రలూ తిరగేసినా మీ ఫ్రిజ్ ఒళ్లంతా 230 వోల్టులు కూర్చుంటాయి. పిల్లలు తడి చేత్తో తలుపు తీస్తారు.

భోజనం చేసొచ్చి అసలు సంగతి రాస్తాను.

నెట్‌సెంటర్ బాబాయ్ · శుక్రవారం రాత్రి 9:20

మానిటర్‌కి మూడు పిన్నుల వైరు. లోపల కరెంటు వచ్చే గుమ్మంలోనే రెండు చిన్న కెపాసిటర్లుంటాయి. ఒకటి ఫేజ్ నుంచి ఎర్త్‌కి, ఒకటి న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి. రేడియోలో గరగర రాకుండా చెత్తని ఎర్త్‌లోకి దించెయ్యడం వాటి పని. గోడ సాకెట్టులో ఎర్త్ తీగ ఉంటే దిగిపోతుంది. లేకపోతే ఆ రెంటి మధ్యలో మానిటర్ రేకు వేలాడుతుంది, 230 లో సగం, అంటే సుమారు 115 వోల్టుల దగ్గర. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషికి చీమలు పాకినట్టుంటుంది. టెస్టరు పెట్టి చూడు, మానిటర్ వెనక మర మీద సన్నగా ఎర్రగా వెలుగుతుంది.

నీ పీఎస్4 ది రెండు పిన్నుల వైరు, దానికి సొంతంగా ఎర్తే లేదు. అది కూడా ఇలాగే కొంత వోల్టేజీ మీద తేలుతూ ఉంటుంది. హెచ్‌డీఎంఐ వైరు గుచ్చిన క్షణంలో రెండు ఒళ్లూ కలుస్తాయి. ఆ తేడా ఎటో ఒకటు దిగాలి కదా. పైన తగరపు కవచంలోంచి దిగితే అదృష్టం. సన్నటి పిన్నులోంచి దిగితే దాని వెనకున్న చిప్పు మాడుతుంది. నువ్వు విన్న చిటపట అదే.

పాలకొల్లులో నా సెంటర్ నడిచినన్నాళ్లూ నాలుగు కన్సోళ్లు ఉండేవి. రెంటికి హెచ్‌డీఎంఐ పోయింది. రెండూ వానాకాలంలోనే, రెండుసార్లూ కుర్రాళ్లు ఆన్‌లో ఉండగా వైరు మార్చేటప్పుడే. రిపేరుకి ఇస్తే పోర్టు మార్చి డబ్బులు తీసుకుని పంపారు, బొమ్మ రాలేదు. చిప్పు కూడా మార్చాలని ఇంకోడు చెప్పేదాకా తెలీదు. అప్పుడు మా ఎలక్ట్రీషియన్ వచ్చి స్విచ్ బోర్డు విప్పి చూపించాడు. మూడు చిల్లుల సాకెట్టు నిగనిగలాడుతోంది, దాని పెద్ద చిల్లు వెనక తీగే లేదు. ఒట్టి ఇత్తడి ముక్క. దాని మీద సాలీడు గూడు కట్టింది.

మనకి ఇదే తమాషా. రెండడుగులు తవ్వితే నీళ్లు ఊరే నేల, ఇంత మంచి ఎర్త్ రాయలసీమ వాళ్లు కలలో కూడా చూడరు. బొగ్గు, ఉప్పు వేసి గొట్టం దింపితే ఎండాకాలంలో కూడా పెద్దగా నీళ్లు పొయ్యక్కర్లేదు. కానీ గొయ్యి నుంచి బోర్డు దాకా తీగ ఎవడు లాగుతాడు? ఇల్లు కట్టేటప్పుడు ఆ తీగ దగ్గరే మిగుల్చుకుంటారు.

కాబట్టి ఎలక్ట్రీషియన్‌ని పిలు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టి చూస్తాడు, నిండుగా వెలిగితే ఎర్త్ ఉన్నట్టు. మీ ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చు) ఉంటే ఆ బల్బు పెట్టగానే పడిపోతుంది, భయపడకండి, అది తన పని చేసినట్టు. ఈలోగా ఏ వైరు మార్చాలన్నా మానిటర్, పీఎస్4, హోమ్ థియేటర్ మూడింటి ప్లగ్గులూ గోడ నుంచి పీకి, వైర్లు గుచ్చి, అప్పుడు ప్లగ్గులు పెట్టు. స్విచ్ ఆపడం చాలదు, పీకెయ్. హాల్లో టీవీకి మార్చేటప్పుడు మరీ జాగ్రత్త. కేబుల్ టీవీ వైరు ఊరంతా తిరిగి వస్తుంది, ఎవరింటి వోల్టేజీ మోసుకొస్తుందో దానికే తెలీదు.

తణుకమ్మాయి · శుక్రవారం రాత్రి 9:48

ఇది చదివి నా హాస్టల్ గదిలో సాకెట్టు చూశాను. మూడో చిల్లులో ఎవరో అగ్గిపుల్ల విరగ్గొట్టారు.

తెరచాప_నరసాపురం · శనివారం ఉదయం 10:10

ఎర్త్‌తో పాటు ఉప్పుగాలి సంగతి కూడా చెప్పు బాబాయ్. మాకు సముద్రం దగ్గర. ఏడాది వాడకపోతే వీజీఏ పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము పడుతుంది, ఒక రంగు పోయి బొమ్మంతా గులాబీగానో పసుపుగానో వస్తుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి నాలుగుసార్లు గుచ్చి తీస్తే తిరిగొస్తుంది. కిరసనాయిలు వాడకండి, మా అన్నయ్య వాడాడు.

నా దగ్గర ఇంకా పీఎస్2 ఉంది, పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులది. దాన్ని డబ్బా మానిటర్‌కి ఎలా పెట్టేవాళ్లమో తెలుసా? కంప్యూటర్‌తో పనిలేకుండా మానిటర్‌లో కేబుల్ టీవీ చూడ్డానికి టీవీ ట్యూనర్ బాక్సులొచ్చేవి, రిమోట్‌తో సహా. దాని వెనకాల ఏ.వి. (ఆడియో, వీడియో) చిల్లులుండేవి. పీఎస్2 అందులోకి, అందులోంచి వీజీఏ మానిటర్‌కి. ఇప్పటికీ అటక మీద ఎవరింట్లోనన్నా ఉంటే పారెయ్యకండి.

గచ్చిబౌలి_గోదారోడు · శనివారం మధ్యాహ్నం 12:30

కొత్త మానిటర్ కొనేవాళ్ల కోసం రెండు ముక్కలు, ఎందుకంటే నాకు మెసేజ్‌లు వస్తున్నాయి. 1440పీ మానిటర్ పీఎస్4 కి దండగ, ఆ రిజల్యూషన్ అది పంపదు. పీఎస్5 కి 2022 సెప్టెంబర్ అప్‌డేట్‌తో వచ్చింది. ఎక్స్‌బాక్స్‌కి అంతకుముందే ఉంది. డబ్బా మీద "ఫ్రీసింక్" అని ఉందని పీఎస్5 కోసం కొనకండి, అది వీఆర్ఆర్ (తెర వేగం ఆటకి తగ్గట్టు మారే పద్ధతి) ఇచ్చేది హెచ్‌డీఎంఐ 2.1 పద్ధతిలోనే. ఎక్స్‌బాక్స్‌కైతే ఫ్రీసింక్ పనిచేస్తుంది. 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నా కన్సోల్ నుంచి 120 కి మించి రాదు. ఇంకొకటి, మానిటర్ వెనక డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఖాళీగా ఉందని మామూలు డిస్‌ప్లేపోర్ట్ టు హెచ్‌డీఎంఐ వైరు కొంటే మళ్లీ మన లంక తమ్ముడి కథే. అది కూడా ఒకవైపే పనిచేస్తుంది.

పెద్ద టీవీ కన్నా మానిటర్‌లో ఆట చురుగ్గా ఉందేంటని ఎవరో అడిగారు. టీవీ బొమ్మకి మెరుగులు దిద్ది చూపిస్తుంది, అందుకు టైం పడుతుంది. సెకనుకి 60 బొమ్మలంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు. నాలుగైదు బొమ్మలు ఆలస్యమైతే యార్కర్ తగలదు. టీవీలో గేమ్ మోడ్ పెట్టుకోండి, చాలావరకు పోతుంది.

లంకకుర్రోడు · సోమవారం రాత్రి 9:15

ఎలక్ట్రీషియన్ వచ్చాడండి. బాబాయ్ చెప్పినట్టే మేడ మీద బోర్డులో ఎర్త్ తీగ లేదు. కింద మోటారు దగ్గర గొయ్యి మాత్రం భేషుగ్గా ఉందంట, అక్కణ్ణుంచి పచ్చ తీగ పైకి లాగాడు. బల్బు పెట్టి చూపించాడు, నిండుగా వెలిగింది. ఇప్పుడు హెచ్‌డీఎంఐ తల పట్టుకుంటే ఏమీ లేదు. మా నాన్న పక్కన నిలబడి "ఆట డబ్బా పుణ్యాన ఇంటికి ఎర్త్ వచ్చింది" అన్నాడు, తిట్టాడో మెచ్చుకున్నాడో అర్థం కాలేదు.

పిన్ని పిల్లలు రేపొస్తారు. గొడవ పడకుండా ఒక్కొక్కళ్లకి రెండేసి ఓవర్లు అని గోడ మీద రాసి అంటించాను.

ఆ వీజీఏ టు హెచ్‌డీఎంఐ కన్వర్టర్ ఉంది కదా, దాన్ని మా పాత కంప్యూటర్‌కి తగిలించి హాల్లో టీవీకి పెట్టాను. అందులో మామ్మకి ఆ రోజు పోయిన ఎపిసోడు దొరికింది. చెంపదెబ్బ అత్తగారే కొట్టింది.

నెట్‌సెంటర్ బాబాయ్ · సోమవారం రాత్రి 9:32

దాని యూఎస్‌బీ తోక కంప్యూటర్‌కి పెట్టావా? వీజీఏ నుంచి దానికి కరెంటు చాలదు. సీరియల్ మధ్యలో బొమ్మ పోతే ఈసారి నిన్ను కొడుతుంది.